పడవ ఒంటి మీద నలభై ఏడు

మా మరిది తవిన్ సంగతి చెప్పాలంటే ముందు ఒక తలుపు సంగతి చెప్పాలి.

తవిన్ వడ్రంగి. అతను చేసిన తలుపు వానాకాలంలో కూడా బిగుసుకోదని నాన్ నది పొడవునా పేరు. ఒకసారి బడి పంతులు గారు టేకు తలుపు చేయమన్నారు. తవిన్ చిత్రిక పడుతుంటే చెక్క గీతల్లో ఎనిమిదిలో సగం కనిపించింది. మిగతా సగం లోపల ఉందేమోనని ఇంకాస్త చిత్రిక పట్టాడు. ఎనిమిది కాస్తా మూడైంది. మూడు పక్కన ఇంకో అంకె తోక కనిపించింది. ఆ తోక పట్టుకుని ఇంకా లోపలికి పోయాడు. సాయంత్రానికి పంతులు గారి తలుపు అప్పడమైంది. తవిన్ మాత్రం మెరిసే కళ్ళతో సర్కారుకి తెలియకుండా చాటుగా లాటరీ అంకెలు రాసుకునే మనిషి దగ్గరికి పరుగెత్తాడు. ఆ పదహారో తారీఖున వచ్చిన అంకెలకీ ఆ తలుపుకీ ఏ సంబంధమూ లేదు. పంతులు గారింటి ముందు గదికి ఆ ఏడాదంతా దుప్పటే తలుపు.

లాటరీ మాకు నెలకు రెండుసార్లు, ఒకటో తారీఖున, పదహారున. ఆ రోజుల్లో మధ్యాహ్నం రేడియో ముందు కూర్చోని ఇల్లు మా ఊరు థా మకోక్‌లో ఉండదు. మిగతావాళ్ళకి అది కూరలో కారం లాంటిది. తవిన్ అన్నం మానేసి కారమే తిన్నాడు.

అతనికి లోకమంతా అంకెలే. బల్లి పడితే అంకె, పాము కలలోకి వస్తే అంకె. పొరుగూళ్ళో రెండు తలల దూడ పుట్టిందంటే పనిముట్లు ఎక్కడివక్కడ పడేసి, పోయి దాని కాళ్ళూ తలలూ లెక్కపెట్టుకుని వచ్చేవాడు. మా అమ్మ పోయినప్పుడు నేను ఏడుస్తూ కూర్చుంటే దగ్గరికొచ్చి చాలా మెత్తగా, అమ్మకి నిండినవి ఎన్నేళ్ళు, నడుస్తున్నవి ఎన్నేళ్ళు అని అడిగాడు. గుళ్ళో చెప్పాలి కాబోలు అనుకుని చెప్పాను. ఎందుకడిగాడో మర్నాడు తెలిసింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తగిలింది. దాంతో ఫ్రిజ్ కొన్నాడు. ఆ ఫ్రిజ్జే అతని కొంప ముంచింది. అది అమ్ముకున్నాక కూడా అది ఉన్న మూలను చూపించి, తగలదని ఎవరన్నారు అనేవాడు. తగలని రోజుల్ని తగలనట్టు చెప్పేవాడు కాదు. ఎనభై ఒకటి మీద వేస్తే ఎనభై రెండు వచ్చిందనుకోండి, అతని లెక్కలో అది ఓటమి కాదు. దాదాపు వచ్చేసింది వదినా, ఒక్క అంకెలో తప్పింది అని పండగ మొహంతో తిరిగేవాడు. ఆ దాదాపులోనే పదేళ్ళు గడిచిపోయాయి.

అతని పెళ్ళాం మాలై నా చెల్లెలు. బడి పిల్లలకి బట్టలు కుడుతుంది, గొడవ పడటం రాదు. నాకు వచ్చిన నోటిలో పావువంతు దానికి వచ్చి ఉంటే ఈ కథ రెండో ఏడే తేలిపోయేది. అది కుట్టు మిషను తొక్కుతూ, తొక్కుతూ, ఏదో ఒక రోజు ఈయన తల ఎత్తి నన్ను చూస్తాడులే అని ఎదురుచూసింది.

ఇక పడవ. మా గుడి పడవ పేరు కేసోన్ తోంగ్, బంగారు పుప్పొడి అని అర్థం. ఒకే ఒక్క తాకియన్ మానును తొలిచి చేసినది. యాభై మందికి పైగా కూర్చుని తెడ్లు వేస్తారు. తాకియన్ మానులో ఒక దేవత ఉంటుంది, అమ్మ అంటాం ఆవిణ్ణి, మాను పడవైనా ఆవిడ అందులోనే ఉంటుంది. అందుకే పడవ ముక్కుకి రంగు బట్టలూ పూలదండలూ కడతాం, అద్దం, దువ్వెన, ఎర్ర సోడా పెడతాం. ఆడవాళ్ళం దాని మీదుగా దాటం. తాకియన్ ఒంటికి పౌడరు రాసి వేలితో రుద్దితే అమ్మ అంకెలిస్తుందని కూడా అంటారు. ఎక్కడైనా ఏటిలోంచి పాత మాను బయటపడితే చాలు, పౌడరు డబ్బాలతో జనం దిగుతారు. కానీ పోటీ పడవకి రుద్దే ధైర్యం ఎవరూ చేయరు. తవిన్ చేశాడు.

కిందటేడు, ఏటా జరిగే పడవల పోటీకి ముందురోజు మధ్యాహ్నం, తెడ్లు వేసేవాళ్ళంతా నేను వండిపెట్టిన కూర తిని గుడి మంటపంలో గురకలు పెడుతున్నారు. తవిన్ పడవ పాకలోకి దూరి, పడవ పొట్ట కింద పౌడరు రాశాడు. అంకె సగమే కనిపించింది. మిగతా సగం గుగ్గిలం కింద ఉంది. పగుళ్ళలో పీచు కూరి, దాని మీద గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు కదా, నీళ్ళు లోపలికి రాకుండా. తవిన్ ఉలి తీసి ఆ గుగ్గిలం గీకేశాడు. రెండో, ఐదో తేలలేదు. రెండింటి మీదా వేశాడు.

మర్నాడు నది రెండు ఒడ్లా జనం. మా ఎదుట అవతలి ఒడ్డు వాళ్ళ పడవ, నల్ల మొసలి. సగం దూరం మేమే ముందున్నాం. గొంతు పోయేలా అరుస్తున్నాను. అంతలో మా పడవ బరువెక్కింది, తెడ్లు నీళ్ళని కాకుండా బురదని కోస్తున్నట్టు కదిలాయి. అలా అలా కూర్చుని కూర్చుని కేసోన్ తోంగ్ నడి ఏట్లో మునిగిపోయింది. యాభై మంది తలలు కొబ్బరికాయల్లా తేలాయి. అవతలి ఒడ్డు వాళ్ళు మైకులో, మీ అమ్మకి స్నానం బాగా చేయించారా అని అడిగారు. ఈ మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

పడవని ఒడ్డుకి లాగి బోర్లిస్తే ఉలి గాటు కనిపించింది. అంత నున్నగా ఉలి వేసే చెయ్యి మా ఊళ్ళో ఒక్కటే. ఎవరూ పేరు ఎత్తలేదు. అందరూ తవిన్ వైపు చూశారు, అంతే. అతను ఏడ్చాడు. లాటరీలో రెండూ రాలేదు, ఐదూ రాలేదు.

మరుసటి ఉదయం మాలై సంచీ సర్దుకుంది. ఫిత్సనులోక్‌లో మా పిన్ని కూతురికి దర్జీ దుకాణం ఉంది, అక్కడికి. నేను రోడ్డు దాకా వెళ్ళాను. బస్సు కదిలాక తవిన్ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చాడు. మాలై కిటికీలోంచి తల బయటికి పెట్టింది. ఒక్కసారి పేరు పెట్టి పిలిచి ఉంటే దిగిపోయేది, అది నాకు తెలుసు. అతని చూపు బస్సు వెనక్కి పోయింది. పెదవులు కదిలాయి. పెళ్ళాన్ని తీసుకుపోతున్న బస్సు నంబరు చదువుకుంటున్నాడు. నేను చూశాను. మాలై కూడా చూసింది.

ఆ సాయంత్రం అది ఫోను చేసింది. ఏడవడం లేదు, అదే నన్ను భయపెట్టింది.

"అక్కా, ఆయనకి ఒక మాట చెప్పు. నేనొక రోజు వస్తాను. ఎప్పుడో చెప్పను. దిగగానే బండి నంబరు చూశాడో, అదే బండెక్కి వెళ్ళిపోతాను, ఇంక రాను. నన్ను చూశాడో, ఉంటాను."

నేను వెళ్ళి అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. తవిన్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత లేచి పోయి ఆ బస్సు నంబరు మీద వేశాడు. అది కూడా ఒక్క అంకెలో తప్పింది.

తెడ్లవాళ్ళు గుళ్ళో సమావేశమయ్యారు. మా ఆయన బున్‌రోద్ వాళ్ళకి పెద్ద, పడవ వెనక కూర్చుని దిశ పట్టేవాడు. తవిన్‌ని గుడి గడప తొక్కనివ్వకూడదని అందరిదీ ఒకే మాట. గుడి పెద్ద భిక్షువు, మా గురువుగారు, కళ్ళు మూసుకుని వింటున్నారు. అప్పుడు ఫూన్ తాత లేచాడు. ఆయన మా పడవకి గుగ్గిలం పెట్టే మనిషి. కళ్ళకి శుక్లాలొచ్చి ఆయనకి మనుషులు మసకగా కనిపిస్తున్నారు, పగుళ్ళు అసలు కనిపించడం లేదు.

"తరిమేస్తే తరిమేయండి," అన్నాడు తాత. "వాడి కళ్ళు మాత్రం నాకిచ్చి తరమండి. గుగ్గిలం కింద దాక్కున్న సగం అంకె కనిపెట్టినోడికి, పగులు కనపడదా?"

అందరూ నవ్వారు. గురువుగారు కళ్ళు తెరిచి, ఆ కళ్ళు తాతకే ఇచ్చేయండి అన్నారు. అలా తవిన్ ఫూన్ తాత చేతి కింద చేరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేపలకి పిల్లిని కాపలా పెడతారా అని మా ఆయన్ని ఆ రాత్రి అన్నం దగ్గర బాగానే కడిగేశాను.

తాత పని పద్ధతి వింటే మీరు నవ్వుతారు. పడవని దిమ్మెల మీద నిలబెట్టి లోపల కాసిన్ని నీళ్ళు పోస్తారు. బయట పొట్టంతా పౌడరు రాస్తారు. అదే పౌడరు, అంకెల కోసం రుద్దేది. ఎక్కడ పగులుంటే అక్కడ నీరు ఊరి పౌడరు మీద సన్నగా నల్లగీత తేలుతుంది. తాత కళ్ళు బాగున్నన్నాళ్ళూ వేలి గోరుతో ఆ గీత వెంట పోయి పీచు కూరేవాడు. ఇప్పుడు ఆ గీత తవిన్ చెప్పాలి.

మొదట్లో తవిన్ చెప్పినవన్నీ అంకెలే. ఇక్కడ ఆరుంది తాతా, ఇక్కడ మూడుంది అంటాడు. చెప్పు, చెప్పి పూడ్చు అనేవాడు తాత. నాలుగు రోజుల్లో ఊరంతా పాక చుట్టూ చేరింది. తవిన్ ఆరు అనగానే బయట ఎవడో పరుగెత్తుతాడు. మా ఆయన కూడా అటువైపు పని కల్పించుకుని వెళ్ళడం నేను గమనించాను. ఒకటో తారీఖు పోయింది, ఆ అంకెలేవీ రాలేదు. జనం తవిన్‌ని తిట్టుకుంటూ పోయారు. ఊళ్ళో డబ్బంతా పోగొట్టించావు కదరా, ఇప్పుడు తృప్తిగా ఉందా అని అడిగాడు తాత.

ఆ రోజే తాత అతని చెయ్యి పట్టుకుని ఒక నల్లగీత మీద పెట్టించాడు. నేను వాళ్ళకి బియ్యపు నూడుల్సు తెచ్చి పక్కనే నిలబడి ఉన్నాను.

"ఇది దేనిలా ఉందో చెప్పకు," అన్నాడు. "దేనిలా ఉందని చూస్తే మబ్బుల్లో కూడా ఏనుగులుంటాయి. ఇది ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు పోతోంది? అది చెప్పు."

తవిన్ చాలాసేపు చూశాడు. పైనుంచి వస్తోందన్నాడు. తర్వాత కాదు, లోపల్నుంచే, ఈ మేకు దగ్గర మొదలైందన్నాడు. మేకు దగ్గర ఆగిందా అంటే ఆగలేదన్నాడు. చెయ్యి గీత వెంట పోయింది, మనిషి పడవ కిందికి దూరాడు, వెల్లకిలా పడుకుని వెనక్కి వెనక్కి జరిగాడు. "వదినా, లాంతరు పట్టు, ఇది చాలా దూరం పోతోంది" అని కింద నుంచి కేక వేశాడు. ఆ గొంతు విని నాకు భయమేసింది. లాటరీ రోజున ఉండే గొంతే అది. అదే వణుకు, అదే ఆరాటం. కానీ ఈసారి అతను పరుగెత్తుకుంటూ పోయింది పాక బయటికి కాదు.

ఇంతటితో బాగుపడ్డాడని నేను అబద్ధం చెప్పను. లాటరీ రోజు మధ్యాహ్నమైతే అతని కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. తాత ఆ రోజులే చూసి గుగ్గిలం కాచే పని పెట్టేవాడు. కాగుతున్న గుగ్గిలాన్ని వదిలి పోకూడదు, అంటుకుంటుంది. ఒకసారి వదిలేసి పోయాడు కూడా. తిరిగొచ్చేసరికి కుండ మండుతోంది, పాక చూరుకి మసి పట్టింది, చూపు ఆనని తాత ఇసుక కోసం చేతులతో నేల తడుముతున్నాడు. తవిన్ ఆ మంట ఆర్పి, తాత కాళ్ళ మీద పడ్డాడు. ఎంతొచ్చింది అని అడిగాడు తాత. దాదాపు వచ్చింది అన్నాడు తవిన్. అనేసి, తన నోట్లోంచి వచ్చిన మాట తనే విని, మసి పట్టిన చూరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"దాదాపు పూడ్చిన పడవ ఏమవుతుందిరా?" అన్నాడు తాత.

మునుగుతుంది అన్నాడు తవిన్. ఆ తర్వాత అతను ఎంత ఆడాడో, ఎంత మానాడో నేను వెంట తిరిగి చూడలేదు. కానీ ఒకటి చూశాను. పంతులు గారింటికి కొత్త తలుపు వెళ్ళింది, డబ్బు తీసుకోకుండా. అది వానల్లో బిగుసుకోలేదు.

ఇలా ఏడాది తిరిగి పోటీ రోజు వచ్చింది. ఆదివారం, లాటరీ తీసే రోజు కూడా అదే. నేనే మాలైకి ఫోను చేసి, పోటీ చూడ్డానికైనా రావే అన్నాను. చూద్దాం అంది. ఆ మాట తవిన్‌కి చెప్పలేదు. చెప్తే ఉదయం నుంచీ రోడ్డు మీదే కూర్చుంటాడని నా భయం.

తెల్లవారి వంటకి నేను గుడికి పోయేసరికి పాక దగ్గర జాతర. ఫోనులు పైకెత్తి పట్టుకుని ఒకళ్ళ భుజాల మీదికి ఒకళ్ళు ఎక్కుతున్నారు. తోసుకుంటూ లోపలికి పోయి చూశాను. తవిన్ చివరిసారి సరిచూద్దామని పౌడరు రాశాడట. పడవ పొట్ట మీద, పాత అతుకు పక్కన, నల్లగా, బడి పిల్లాడు పలక మీద రాసినంత స్పష్టంగా నాలుగు, దాని పక్కన ఏడు. నేను ఇలాంటివి నమ్మను, అయినా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఊరు ఊగిపోయింది. అమ్మ ఇన్నాళ్ళకి నోరు విప్పింది అన్నారు, కిందటేడు ముంచినందుకు ఇప్పుడు తీరుస్తోంది అన్నారు. తెడ్లవాళ్ళలో సగం మంది తెడ్లు కింద పెట్టి లాటరీ మనిషి కోసం పరుగెత్తారు. ఆ గొడవంతటి మధ్యా తవిన్ ఒక్కడే కదలకుండా నిలబడి ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. అతని కుడిచెయ్యి డబ్బులున్న చొక్కా జేబు మీద ఉంది. పదేళ్ళుగా అతను ఎదురుచూసిన అంకె, సగం కాదు, పూర్తిగా, వెతక్కుండానే వచ్చి ఎదురుగా నిలబడింది. అయిపోయింది, వీడు పోయాడు అనుకున్నాను.

తవిన్ చెయ్యి జేబు మీద నుంచి జారింది. ముందుకి వంగి, ఏడు అంకె కాలి మీద గోరు పెట్టాడు. గోరు కిందికి దిగింది. అతుకు కిందికి పోయింది. అతను తల ఎత్తాడు.

"వదినా, ఉలి ఇవ్వు."

జనం గొల్లుమన్నారు. ఆఖరికి మా ఆయన కూడా అడ్డం వచ్చి, మధ్యాహ్నం దాకా ఉంచరా, ఇంకా చాలామంది చూడలేదు, చిన్న గీతే కదా అన్నాడు. మా ఆయన జేబులో ఏముందో అప్పుడే అర్థమైంది, దాని సంగతి నేను తర్వాత చూసుకున్నాను.

"చిన్న గీత కాదు బున్‌రోద్ అన్నా," అన్నాడు తవిన్. "ఈ ఏడు అంకె గీత అతుకు కింద నుంచి వెన్ను దాకా పోతోంది. మీరు యాభై మంది ఎక్కి ఒక్క ఊపు ఊపితే అతుకు లేచిపోతుంది. మళ్ళీ నడి ఏట్లో. నేనొకసారి ముంచాను. రెండోసారి ముంచలేను."

ఎవరో, అమ్మ రాసింది చెరిపితే పాపం అన్నారు. అంతవరకూ ఒక మూల కూర్చున్న ఫూన్ తాత గొంతు సవరించుకున్నాడు. ఒళ్ళు పగిలి నీళ్ళు కారుతుంటే ఆవిడ మీకు లాటరీ చెబుతోందా, నొప్పి చెబుతోందా అన్నాడు. నేను వీపు వెనక పట్టుకున్న ఉలి తీసి తవిన్ చేతిలో పెట్టాను. ఎప్పుడు అందుకున్నానో నాకే తెలియదు.

అతను అతుకు లేపాడు. కింద పగులు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. చూసినవాళ్ళు వెనక్కి తగ్గారు. తర్వాత ఆ చేతుల వేగం చూడాలి. పీచు కూరడం, కొత్త చెక్క కోసి దించడం, గుగ్గిలం పోయడం, తాత గాలిలో చెయ్యి చూపిస్తూ వేడి చాల్లేదురా, ఇంకా కాగాలి అంటుంటే తవిన్ పరుగు. అంకె పోయింది. పడవ మిగిలింది. మొదటి పోటీకి మైకులో మా పేరు పిలుస్తుంటే గుగ్గిలం ఇంకా గోరువెచ్చగానే ఉంది.

తవిన్‌ని నీళ్ళు తోడేవాడిగా పడవ మధ్యలో కూర్చోబెట్టారు. తోడటానికి కోసిన నూనె డబ్బా ఇచ్చారు. మొదటి పోటీ గెలిచాం, రెండోదీ గెలిచాం. ఆఖరి పోటీలో ఎదురుగా ఎవరు? నల్ల మొసలే.

రెండు పడవలూ బయలుదేరే చోటికి పోయి వరస తీరుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఒడ్డు మీద ఫోనులు మోగాయి, రేడియోలు అరిచాయి. లాటరీ వచ్చింది. డెబ్బై నాలుగు. తిరగబడి వచ్చింది. ఒడ్డు పొడవునా ఒకటే ఏడుపు. అయ్యో దాదాపు, దాదాపు అని తలలు బాదుకుంటున్నారు. ఆ ఏడుపు నీళ్ళ మీదుగా మా పడవ దాకా పోయింది. ఏడుపుకి తెడ్లు కిందికి వాలడం నాకు ఒడ్డు మీద నుంచే కనిపించింది. సగం మంది వేసినవాళ్ళే మరి. నల్ల మొసలి వాళ్ళు నవ్వుతున్నారు.

పడవలో ఏం జరిగిందో మా ఆయన తర్వాత చెప్పాడు. తవిన్ డబ్బాతో పడవ అంచు మీద ఒక్క దెబ్బ కొట్టాడట. అందరూ వెనక్కి తిరిగారట.

"రాలేదు, అంతే," అన్నాడట. "తిరగబడి వస్తే రానట్టే. పదేళ్ళు నేను తిరగబడి వచ్చినవాటినే పెంచుకున్నాను, నా ఇంటికి చూడండి ఏం మిగిలిందో. కింద చూడండి. ఒక్క చుక్క లేదు. ఇది దాదాపు పొడిగా లేదు, పొడిగా ఉంది. తెడ్లెత్తండి."

జెండా పడింది. పడవలు ఎగిరాయి. నేను ఎప్పుడు నీళ్ళలోకి దిగానో తెలియదు, మోకాళ్ళ దాకా తడిసి అరుస్తున్నాను. నల్ల మొసలి ముందు, మేము వెనక, ముక్కు మందం దూరం. సగం దూరం వచ్చింది, కిందటేడు మునిగిన చోటు. కేసోన్ తోంగ్ ఆ చోటు దాటింది. నీళ్ళ మీద చేపలా తేలికగా దాటింది. పూలదండలు గాలికి తెగి ఎగిరిపోతున్నాయి, తెడ్లు ఒక్కటిగా లేచి ఒక్కటిగా పడుతున్నాయి, ఫూన్ తాత ఏమీ కనపడక, ఎవరే ముందు, ఎవరే ముందు అని నా భుజం పీకుతున్నాడు. మనమే తాతా అన్నాను. అప్పటికి మనం కాదు, కానీ అన్నాను. అంటుండగానే అయింది. చెయ్యి వెడల్పు తేడాతో మా పడవ ముక్కు గీత దాటింది.

ఆ తర్వాతి గోలలో ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలియదు. పడవ ఒడ్డుకి చేరింది. తవిన్ డబ్బా పట్టుకుని అందరికంటే ఆఖరున దిగి, రేవు మెట్లెక్కుతున్నాడు. అదే క్షణంలో ఫిత్సనులోక్ వ్యాను ఒకటి జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, సరిగ్గా మెట్ల పైన, వెనక భాగం ఏటివైపు తిప్పి ఆగింది. తవిన్ తల ఎత్తితే ముక్కుకి తగిలేంత దగ్గరలో దాని నంబరు పలక. నేను చదివాను. చివర నాలుగూ ఏడూ ఉన్నాయి. నా పక్కనున్నవాళ్ళు కూడా చదివి కెవ్వుమన్నారు.

వ్యాను తలుపు తెరుచుకుని మాలై దిగింది. తప్పుకోమని జనం మీద అరుద్దామంటే గొంతు లేదు, అంతా పోటీలోనే అయిపోయింది. మాలై అక్కడే నిలబడి అతని కళ్ళనే చూస్తోంది. తవిన్ కళ్ళు కిందికి వాలి ఉన్నాయి. ఆ పలక మీదా, ఇంకా కిందకా, నాకు తెలియలేదు.

అతను నాలుగు మెట్లు ఎక్కి ఆమె ముందు ఆగాడు.

"కదలకు," అన్నాడు. "నీ చెప్పు ఉంగటం దగ్గర చీలింది. ఆ చీలిక మడమ దాకా పోతోంది. ఇంకో రెండడుగులు వేస్తే పడతావు."

అనేసి, అంతమందిలో కింద కూర్చుని ఆమె కాలి దగ్గర చెయ్యి పెట్టాడు. నలుగురిలో పెళ్ళాం చెప్పు ముట్టుకునే మగవాణ్ణి మా ఊరు అంతకుముందు చూడలేదు. నవ్వబోయినవాళ్ళు కూడా నవ్వలేదు.

"నేను దేంట్లో వచ్చాను?" అని అడిగింది మాలై.

తవిన్ తల ఎత్తాడు. నిజంగానే ఆలోచించాడు. చుట్టూ చూశాడు, కానీ వ్యాను అప్పటికే కదిలి పోయింది.

"చూళ్ళేదు," అన్నాడు. "జుట్టు కత్తిరించుకున్నావు. చిక్కిపోయావు."

నా చెల్లెలు రెండు చెప్పులూ విప్పి అతని చేతికిచ్చి, వట్టికాళ్ళతో నడిచింది. నేను మా ఇంటి వైపు దారి చూపించబోయాను. అది వాళ్ళింటి దారి పట్టింది.